కొసరు

ట్రినిడాడ్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన
ఎలోయ్ ఆర్చులేటా షెడ్డులో
నా ట్రక్కు గేర్‌బాక్సు విప్పదీసి పడుంది
బల్లమీద, పాత దుప్పటి మీద,
పోస్ట్‌మార్టానికి వచ్చిన ఆవు పొట్టలా.
(పశువుల డాక్టర్ని. నాకు పోలికలు అలాగే వస్తాయి.)

ట్రేలో నూనె చూపించాడు.
పోసిననాడు తాంబూలం ఉమ్మిన ఎరుపు,
ఇప్పుడు మూడోసారి కాచిన డికాషన్.
వాసన చూడమన్నాడు.
తిరగమోత మాడ్చి, దానిమీద ఎవరో రబ్బరు కాల్చినట్టుంది.
"ఇదే నీ రిపోర్టు," అన్నాడు.

అడగాల్సింది అడిగాను:
ఇంజనుకి బలం పెంచితే
కంపెనీ ఇచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు
తట్టుకుంటుందా, లేదా?
ఎలోయ్ వెంటనే చెప్పడు.
ముందు చేతులు తుడుచుకుంటాడు,
ఒక్కో వేలూ విడిగా.

డబ్బా బిగించింది వాల్సన్‌బర్గ్ కుర్రాడు వేడ్.
స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత, ఆరొందల డాలర్లు,
నూట ఇరవై గుర్రాలు అదనం.
గుర్రాల సంగతి నాకు తెలుసనుకున్నాను.
మొదటి వారం, ఒప్పుకుంటాను,
కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.
ఖాళీ బండి, ఖాళీ రోడ్డు,
ఏ గొడ్డూ నా కోసం ఎదురుచూడని ఆదివారం కూడా
ప్రతి ఎర్రలైటు తర్వాతా తొక్కాను.

ఫిబ్రవరిలో రటోన్ కనుమ ఎక్కుతున్నాను.
వెనక ట్రెయిలర్లో ఇనప బోను, మందుల పెట్టెలు,
అంతా కలిపి పదకొండు వేల పౌన్లు.
కనుమకి అవతల తొలిచూలు పెయ్య ఒకటి,
రాత్రినుంచి నొప్పులు పడుతోంది.
మూడో మలుపులో ఇంజను అరిచింది.
మీటరు ముల్లు ఎగిరింది, బండి కదల్లేదు.
అటు లాగేవాడున్నాడు, ఇటు తిరిగే చక్రముంది,
మధ్యలో ఎవరో చెయ్యి వదిలేశారు.
ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఏమిటో
మంచులో, హజార్డు లైట్ల టిక్కుటిక్కులో
గంటన్నర కూర్చుని నేర్చుకున్నాను.

క్లచ్ పలకలు పరిచాడు ఎలోయ్.
అప్పడాల కట్టలా ఉండాల్సినవి.
పూత రాలిపోయి
ఉక్కు నీలం తిరిగింది, కమిలిన చర్మంలా.
వాల్వ్ బాడీ మాత్రం చెక్కుచెదరలేదు:
ఉక్కు గోళీలే చుక్కలుగా
నూనె కోసం వేసిన మెలికల ముగ్గు.
"దీన్ని గీసినవాడెవడో మంచివాడు," అన్నాడు,
"కాగితం మీద రాసినదానికన్నా
కాస్త ఎక్కువే మోసేలా చేశాడు."

ఆ కాస్తకి మా భాషలో పేరుంది.
వంకాయలు తూచాక
తట్టలోంచి ఇంకొక్కటి తీసి పైన వేస్తుంది చూడండి,
ఆ వంకాయ.
దాన్ని నేను తూకంలో కలిపేసుకున్నాను.
రోజూ.

"యాభై గుర్రాలంటే మోస్తుంది.
నూట ఇరవై కూడా, చదునుమీద, ఖాళీగా, కొన్నాళ్ళు.
బరువుతో, ఎక్కుడులో, వేడెక్కాక
అడగాల్సింది దీన్ని కాదు, నీ కుడికాలిని.
లేదా పెద్ద కన్వర్టరు, గట్టి షాఫ్టు, ఇంకో కూలరు.
ఏడువేలు.
ఆ తర్వాత వెనక ఇరుసేమంటుందో
దాన్నడుగుదాం."

ఉన్నట్టుండి అడిగాడు:
"దూడ ఇరుక్కుంటే గొలుసు కట్టి
ఎంతమంది లాగొచ్చు?"
ఇద్దరు, అన్నాను. అదీ తల్లి ముక్కినప్పుడే.
ట్రాక్టరు కట్టినవాళ్ళని చూశాను.
ఆ ఆవుల్ని కూడా చూశాను.
ఏటా ఇల్లిల్లూ తిరిగి చెప్పేది నేనే.
ఎలోయ్ ఏమీ అనలేదు.
చేతులు శుభ్రంగానే ఉన్నాయి,
అయినా మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ పెయ్యని వేరే డాక్టరు చూశాడట.
దూడ బతికింది.
రెండు రోజులు ఆగి, సిగ్గు తగ్గాక, ఫోన్ చేసి కనుక్కున్నాను.

ఇప్పుడు కనుమ నలభైలో ఎక్కుతున్నాను,
కుడిపక్క వరుసలో, గడ్డి లారీల వెనక.
డబ్బా నా సొరుగులో ఉంది, సిరంజిల పక్కన.
సగం ధరకి వెనక్కి తీసుకుంటానన్నాడు వేడ్.
ఇంకా ఇవ్వలేదు.